కాంక్రీటు పడకముందే మాట్లాడుకుందాం

(బరంపురంలో ఇంజనీర్స్ డే సభలో ఒక సివిల్ కాంట్రాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న ఆర్కిటెక్టు మిత్రులకు, వాళ్ళ వెనక కూర్చున్న బిల్డర్లకు, అటు తలుపు దగ్గర నిలబడ్డ మా మేస్త్రులకు. ఈ వరస ఎవరు పెట్టారో గాని, సైటులో కూడా అచ్చం ఇదే వరస. మేస్త్రులూ, ముందర కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, లోపలికి రండి. మొహమాటం వద్దు. మీరు కూర్చున్నాకే నేను మొదలుపెడతాను.

సరే. బరంపురంలో తెలుగు సభ అంటే కొన్ని మాటలు చెప్పి తీరాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పారు. వి.వి. గిరిగారు ఈ ఊళ్ళోనే పుట్టారు. 1936 ఏప్రిల్ 1న మనం ఒడిశాలోకి వచ్చాం, వచ్చినా తెలుగు వదలలేదు. చెప్పేశాను. ఇవాళ సెప్టెంబరు 15 కాబట్టి విశ్వేశ్వరయ్యగారి గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళందరూ చెప్పారు. మళ్ళీ నేను మొదలుపెడితే ఆయనే చాలించమంటారు.

నాకిచ్చిన అంశం ‘భవన నిర్మాణంలో ఆర్కిటెక్టు, బిల్డరు మధ్య సమన్వయం’. తొమ్మిది పాయింట్లు రాసుకొచ్చాను, మా అమ్మాయి టైపు చేసిచ్చింది. ఎన్ని చెబుతానో చూద్దాం.

మొదటిది. మన దగ్గర పని ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. ఇంటాయన ఆర్కిటెక్టు దగ్గరికి వెళ్తాడు. బొమ్మ గీయిస్తాడు, ప్లాను పాస్ చేయిస్తాడు, బ్యాంకు లోను తెస్తాడు. అంతా అయ్యాక ‘అడుగుకి ఎంత?’ అని బిల్డర్లను పిలుస్తాడు. అంటే కట్టేవాడు బొమ్మ చూసేది రేటు చెప్పే రోజున! అప్పటికి గీత మార్చే వీలు లేదు, రేటు తగ్గించే వీలు మాత్రమే ఉంటుంది. వాడికి తెలిసినదంతా వాడి బుర్రలోనే ఉండిపోతుంది.

ఏం తెలుసు వాడికి అంటారేమో. గోపాల్‌పూర్ వైపు కట్టినవాళ్ళు చెప్పండి. ఉప్పుగాలికి సన్‌షేడు కింద ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెళ్ళలు పెళ్ళలుగా ఊడగొట్టడం చూడనివాడెవడైనా ఉన్నాడా ఇక్కడ? కాంక్రీటు పనికి మన దేశంలో ప్రామాణికమైన ఐఎస్ 456 కోడ్ తీసి చూడండి. తీరప్రాంత వాతావరణానికి ఎదురుగా ఉండే కాంక్రీటును ‘సివియర్’, అంటే తీవ్రం, అనే వర్గం కింద వేసింది. దానికి కనీసం ఎం30 కాంక్రీటు ఉండాలి (ఎం పక్కన అంకె పెరిగితే కాంక్రీటు బలం పెరిగినట్టు), నీళ్ళు సిమెంటు బరువులో 0.45 వంతుకు మించకూడదు, ఇనుముకు 45 మిల్లీమీటర్ల కవర్, అంటే పైన కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. మరి నా చేతికొచ్చే డ్రాయింగుల్లో ఏముంటుంది? ఎం20, కవర్ 25. ఎక్కడో నాగపూర్‌లో కట్టిన ఇంటి నోట్సు, ఊరి పేరు మార్చి ఇక్కడ అతికించినట్టు. బిల్డరు చూస్తాడు, తప్పని తెలుస్తుంది, మాట్లాడడు. ఎందుకంటే ఎం30 అంటే రేటు పెరుగుతుంది, పని పక్కవాడికి పోతుంది. ఇటు ఆర్కిటెక్టుకు చెప్పేవాడు ఉండడు.

గాలి సంగతీ అంతే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మనలో ఎవరం నిద్రపోయాం? 2018లో తిత్లీ వచ్చి గజపతి జిల్లాను పీకి పెట్టింది. అటు భువనేశ్వర్‌కీ ఇటు విశాఖకీ గాలి లెక్కల కోడ్‌లో రాసిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మధ్యలో ఉన్న మన వీధుల్లో షాపు ముందర రెండంతస్తుల అద్దం పెడుతున్నారు. అద్దం ఆర్కిటెక్టు గీస్తాడు, దాన్ని పట్టే అల్యూమినియం సెక్షను షాపువాడు తనకు అలవాటైన సైజు తెస్తాడు. లెక్క ఎవరు కట్టారని అడిగితే ఒకరినొకరు చూసుకుంటారు.

రెండో పాయింటు డ్రాయింగు మార్పుల గురించి. దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, మన్నించాలి.

నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో, రుషికుల్యకు ఇవతల ఒక ఊళ్ళో మూడంతస్తుల లాడ్జి కడుతున్నాం. ఊరు పేరు వద్దు. ఆర్కిటెక్టు పెద్ద నగరం నుంచి. బొమ్మ బాగా గీశారు, కాదనను. మొదటి అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ అయిపోయింది, ఇనుము కడుతున్నారు. అప్పుడు ఓనరుగారి బంధువు ఒక సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఈశాన్యంలో మరుగుదొడ్డా, శివశివా అన్నాడాయన. వాయవ్యానికి మార్చాలన్నారు. ఎస్టీడీ బూత్ నుంచి ఆర్కిటెక్టుకు ఫోను చేస్తే ‘సరే, మార్చండి, డ్రాయింగు పంపిస్తాను’ అన్నారు. పంపించారు కూడా. కానీ గోడల డ్రాయింగు వచ్చింది గాని స్ట్రక్చరల్ డ్రాయింగు రాలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మా పెద్ద మేస్త్రి ఆ కాగితం చూశాడు. చదువు రాదు, బొమ్మ చదవడం వచ్చు. ‘బాబూ, పాత చోట స్లాబు అడుగు కిందికి దించారు. కొత్త చోట దించలేదు. గొట్టం ఎటు పోద్ది?’ అన్నాడు. అంతే, ఒక్క ప్రశ్న. నాలుగంగుళాల గొట్టం ఇరవై అడుగులు పోవాలంటే, అరవైకి ఒకటి చొప్పున వాలు పెట్టినా, చివరికి నాలుగంగుళాలు దిగుతుంది. ఆ దిగే చోటు భీములో తప్ప ఇంకెక్కడా లేదు. నేను తీసుకెళ్ళి ఓనరుకు చెప్పాను, కాంట్రాక్టరుకు చెప్పాను. నాకు మాట చెల్లే వయసు కాదు. మేస్త్రికి వచ్చిన జవాబు మాత్రం గుర్తుంది: ‘డ్రాయింగులో ఉన్నది చెయ్, సలహాలు నిన్నెవడడిగాడు?’ స్లాబుకు ముహూర్తం పెట్టేశారు. మిక్సరు వచ్చేసింది. వేసేశాం.

నాలుగు నెలలకు ప్లంబరు వచ్చాడు. వాడూ అదే ప్రశ్న అడిగాడు, జవాబు వాడే చెప్పుకున్నాడు. సుత్తి, ఉలి తీసుకుని పిల్లరుకు మూరెడు దూరంలో భీముకు కన్నం పెట్టాడు. చువ్వలను చుట్టి కట్టే రింగులు రెండు, అడుగున ఒక చువ్వ తెగాయి. భీములో గొట్టం వెళ్ళక తప్పదనుకుంటే, కాంక్రీటుకు ముందే స్లీవ్, అంటే గొట్టం దూరే తొడుగు, పెట్టాలి. స్పాను మధ్య భాగంలో, భీము లోతుకు నడిమిన, ఇంజనీరు సరేనన్న చోట పెట్టాలి. పిల్లరు పక్కనైతే అసలు ముట్టుకోకూడదు, షియర్, అంటే భీమును కోసేసే బలం, అంతా అక్కడే. పైన గోడలు లేచాక ఆ కన్నం నుంచి ఏటవాలుగా పగులు బయల్దేరింది.

అదృష్టం, లాడ్జిలోకి మనుషులు రాకముందే కనిపించింది. కింద జాకీలు పెట్టి, పిల్లరుకూ భీముకూ చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు తొడిగే జాకెటింగ్ చేసి నిలబెట్టారు. తర్వాత ఓనరుగారింట్లో పంచాయతీ. ఆర్కిటెక్టు ‘నేను కన్నం పెట్టమనలేదు’ అన్నారు. ఇంజనీరు ‘నాకు మార్పే తెలియదు’ అన్నారు. ప్లంబరు పారిపోయాడు. సిద్ధాంతిగారు ‘దోషం ముందే చెప్పాను కదా’ అన్నారు! చివరికి ఎవరి కూలి ఆపారో తెలుసా? మేస్త్రిది. అడిగిన ఒకే ఒక్క మనిషిది. ఆయన ఆ పండగకు పిల్లలకు బట్టలు కొనలేదు. మరుసటి ఏడు హైదరాబాదు వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇటు రాలేదు.

నేను ఈ కథ ప్రతి సభలోనూ చెబుతానని మావాళ్ళు విసుక్కుంటారు. చెబుతాను. అప్పట్లో ఎస్టీడీ బూత్, ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజి. ఫోను మారింది గాని పద్ధతి మారలేదు.

ఇది చిన్న ఊళ్ళ గొడవ అనుకోకండి. అమెరికాలో కాన్సాస్ సిటీ అనే నగరంలో ఒక పెద్ద హోటలు, హయత్ రీజెన్సీ. 1981 జులై 17 సాయంత్రం లోపల జనం నిండుగా ఉండగా, పైనుంచి వేలాడదీసిన నడక వంతెనలు కూలి 114 మంది చచ్చిపోయారు. కారణం వింటే మీకు సెంట్రింగ్ కర్రలు కళ్ళ ముందు కదులుతాయి. డిజైనులో పైకప్పు నుంచి ఒకటే పొడవాటి రాడ్డు. పై వంతెననూ కింది వంతెననూ అదే మోస్తుంది. దానికి పై వంతెన కింద నట్టు బిగించాలంటే అంత పొడుగునా మరలు కొయ్యాలి, మరలు దెబ్బతినకుండా ఎత్తి నిలబెట్టాలి. తయారు చేసేవాళ్ళకు కష్టమనిపించింది. రెండు ముక్కల రాడ్డు చేద్దామన్నారు. అంటే కింది వంతెన పై వంతెనకు వేలాడుతుంది. ఒక తాడు పట్టుకుని ఇద్దరు వేలాడుతుంటే ఎవరి బరువు వారి చేతులదే. కిందివాడు తాడు వదిలి పైవాడి కాళ్ళు పట్టుకుంటే పైవాడి చేతులేమవుతాయి? అసలు డిజైనే బలం తక్కువది, ఈ మార్పుతో పై వంతెన నట్టు మీద బరువు రెట్టింపయింది. లెక్క మళ్ళీ చూడకుండానే డ్రాయింగు మీద ఇంజనీర్ల ముద్ర పడింది. తర్వాత వాళ్ళ లైసెన్సులు పోయాయి.

బిల్డర్లూ, ఇక్కడ మనం చంకలు గుద్దుకోవద్దు. మార్పు అడిగింది మనలాంటివాళ్ళే. కాని వాళ్ళ కష్టం నిజమైన కష్టం, అదీ చూడండి. ఆ రాడ్డు గీసే రోజునే చేసేవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ‘ఇది నీ వల్ల అవుతుందా?’ అని అడిగి ఉంటే, కుదరదని అప్పుడే చెప్పేవాడు. ఇంకో పద్ధతి లెక్క కట్టి గీసేవాళ్ళు. నేను కోరేది అంతే. గీత ఆరకముందు మమ్మల్ని పిలవండి. కాంక్రీటు పడకముందు మీరు రండి. ఆర్కిటెక్టుగారు శంకుస్థాపనకు వస్తారు, గృహప్రవేశానికి వస్తారు, రెండు ఫోటోల్లోనూ ఉంటారు. మధ్యలో ఎక్కడుంటారయ్యా?

(చప్పట్లు వద్దు, ముందు వరసవాళ్ళు నొచ్చుకుంటున్నారు.)

ఇది ఒడిశా గనక కోణార్క్ మాట రాకుండా ఉండదు. పదమూడో శతాబ్దంలో నరసింహదేవుడు గుడి కట్టించాడు. పన్నెండు వందల మంది శిల్పులు, పన్నెండేళ్ళు. శిఖరం మీద కలశం నిలవలేదు. రాజు గడువు పెట్టాడు, దాటితే తలలు పోతాయన్నాడు. బిశు మహారణా కొడుకు ధర్మపద, పన్నెండేళ్ళ పిల్లాడు, తండ్రిని చూడడానికి వచ్చి కలశం నిలబెట్టాడు. పెద్దవాళ్ళు చెయ్యలేనిది పిల్లాడు చేశాడని రాజుకు తెలిస్తే తమ గతేమిటని శిల్పులు వణికారు. పిల్లాడు శిఖరమెక్కి సముద్రంలో దూకేశాడు. ఇక్కడి బళ్ళలో చదివిన పిల్లలందరికీ తెలిసిన కథే, త్యాగం అని చెబుతారు. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అంతమందిలో ఒక్కడికి ‘ఇది మా కుర్రాడు చేశాడు, మాకు తోచలేదు’ అని చెప్పే గుండె లేకపోయిందే! తెలిసినవాడు మాయమైతేగాని మిగతావాళ్ళ పరువు నిలవని సైటు అది. మా పెద్ద మేస్త్రి దూకలేదు, రైలెక్కాడు. అంతే తేడా.

టైము చూస్తున్నారు అధ్యక్షులవారు. తొమ్మిదిలో రెండే అయ్యాయి. మిగతావి గబగబా చెబుతాను.

గోడల డ్రాయింగు, స్ట్రక్చరల్, ప్లంబింగు, కరెంటు, ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. ఇప్పుడు కంప్యూటర్లో గొట్టం ఎక్కడ భీముకు తగులుతుందో ముందే చూపిస్తుంది. అది లేకపోతే ట్రేసింగు కాగితం చాలు. డ్రాయింగు మారితే నంబరు మార్చండి, ఆర్ జీరో, ఆర్ వన్ అని, ఆర్ అంటే రివిజన్. కొత్తది రాగానే సైటులో పాతది చింపేయండి, గోడకు అంటించి ఉంచొద్దు. సైటులో ఒక పుస్తకం పెట్టండి: ఎవరు ఏం మార్చమన్నారు, ఏ తేదీ, ఎవరి సంతకం. ఫోనులో చెప్పిన మాట ఆ సాయంత్రమే పుస్తకంలోకి ఎక్కాలి. ఎక్కని మాట చెల్లదు, ఓనరు చెప్పినా సరే. ఇనుము చూసి ఇంజనీరు సంతకం పెట్టకుండా మిక్సరు తిరగకూడదు.

డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉంటుంది, మేస్త్రి టేపు అడుగుల్లో చదువుతాడు. 230 అంటే తొమ్మిదంగుళాల గోడ అని అతనికి తెలుసు. 1050 అంటే ఒక క్షణం ఆగుతాడు. ఆ క్షణంలోనే తప్పులు పుడతాయి. సైటు కాపీ మీద పక్కనే అడుగులు కూడా రాస్తే మీ డిగ్రీకి ఏం నష్టం? మా సైట్లలో తాపీవాళ్ళు తెలుగు, సెంట్రింగువాళ్ళు ఒడియా, రాడ్ బెండర్లు బెంగాలీ. కాగితం ఒకటే అందరికీ.

ఇక సిద్ధాంతిగారు. నవ్వకండి, ఇది సీరియస్. మన ఊళ్ళలో వాస్తు చూడకుండా ఎవడూ ఇల్లు కట్టడు. మీకు నమ్మకం లేకపోవచ్చు, నాకూ అంతంత మాత్రమే. కాని సెంట్రింగ్ అయ్యాక ఆయన వస్తే నష్టం ఇంటికి. కాబట్టి మొదటి మీటింగుకే పిలిచి, టీ ఇచ్చి, ప్లాను మీద ఆయన సంతకం కూడా తీసుకోండి. నేను తీసుకుంటున్నాను.

మిగతా పాయింట్లు వదిలేస్తున్నాను. ఒక్క విన్నపం చేసి దిగిపోతాను.

ఆహ్వానపత్రిక వెనక మన సంఘం కొత్త భవనం బొమ్మ వేశారు. చాలా బాగుంది. భూమిపూజ తేదీ కూడా వేశారు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరని పొద్దున అడిగితే ‘ఇంకా అనుకోలేదు’ అన్నారు. మట్టి పరీక్ష అయిందా అంటే, చుట్టుపక్కలంతా మేడలే కదా అన్నారు. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చున్న తాపీ మేస్త్రి ఆ పక్క స్థలంలో సెప్టిక్ ట్యాంకు తవ్వాడు. ఆరడుగుల దాకా పూడ్చిన చెత్తే తగిలిందట, కింద నల్లమట్టి. ఆ స్థలం ఒకప్పుడు గుంట అని మా నాన్నగారూ అనేవారు. ఈ సంగతి బొమ్మ గీసిన ఆర్కిటెక్టుగారికి ఎవరైనా చెప్పారా? ఆయన ఇక్కడే ఉన్నారు, తల అడ్డంగా ఊపుతున్నారు.

అధ్యక్షులవారూ, భూమిపూజ కొంచెం వెనక్కి జరపండి, ముహూర్తాలు మళ్ళీ వస్తాయి. బోరు వేసి మట్టి పరీక్ష చేయిద్దాం. ఈలోగా ఇవాళ భోజనాలయ్యాక, ఎండ తగ్గగానే నాలుగింటికి, ఆర్కిటెక్టుగారూ నేనూ ఈ మేస్త్రీ ఆ స్థలానికి వెళ్ళి రెండు మూలల గోతులు తీసి చూస్తాం. రాదలచుకున్నవాళ్ళు రండి. టేపు నా బండిలో ఉంది, గునపం, పార అతను తెస్తానన్నాడు.