కేసు పోయేది కాలవ గట్టునే: ప్రభుత్వ పక్షాన పర్యావరణ న్యాయవాదులకు ఫెలోషిప్

అందరికీ నమస్కారం.

ఫెలోషిప్ అనగానే పై చదువుకిచ్చే డబ్బు గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పబోయేది వేరు. రెండు మూడేళ్లు ప్రాక్టీసు చేసిన యువ న్యాయవాదిని కాలుష్య నియంత్రణ మండలి న్యాయ విభాగానికి జతచేసి, ప్రభుత్వ పక్షాన పర్యావరణ కేసులు నడిపించే ఏర్పాటు ఇది.

అమెరికాలో 2017లో న్యూయార్క్ యూనివర్సిటీ లా స్కూల్లో బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే దాతృత్వ సంస్థ నిధులతో ఇలాంటి కేంద్రం ఒకటి మొదలైంది. దాని ఫెలోలు రాష్ట్రాల అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) ఆఫీసుల్లో పనిచేస్తారు. జీతం యూనివర్సిటీ ఇస్తుంది, పని అటార్నీ జనరల్ చెబుతారు. బయటి డబ్బుతో ప్రభుత్వ వకీలును పెట్టడమేమిటన్న విమర్శ గట్టిగానే వచ్చింది. ఆ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మన దగ్గర ఆ డబ్బు ప్రభుత్వ పద్దు నుంచే రావాలి. పరిశ్రమల సొమ్ము ఒక్క రూపాయి తగిలినా ఎదుటి వకీలు మొదటి వాయిదాలోనే ఆ సంగతి ఎత్తుతాడు.

ఇక ఫెలోను ఎక్కడ పెట్టాలి? చెన్నైలో పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ముందు నిలబడి వాదించాలని ఎవరికైనా ఉంటుంది. కానీ చాలా కేసులు అంతకు ముందే, కాలవ గట్టున, పరిశ్రమ వదిలే నీటి నమూనా పట్టే సీసా దగ్గరే పోతాయి.

1974 నీటి చట్టం సెక్షన్ 21 చూడండి. విశ్లేషణ కోసం నమూనా తీస్తున్నామని పరిశ్రమ బాధ్యుడికి అక్కడికక్కడే నోటీసివ్వాలి. ఆయన ఎదుటే నమూనాను రెండు భాగాలు చేయాలి. ఒక్కో సీసాకు గుర్తు వేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఆయన కావాలని తప్పుకుంటే ఆ మాట విశ్లేషకుడికి రాతపూర్వకంగా తెలపాలి. ఈ వరస తప్పితే ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదని అదే సెక్షన్ చెబుతోంది. 1986లో ఢిల్లీ హైకోర్టు ఒక బాట్లింగ్ కంపెనీ కేసులో ఇలాగే నమూనా ఫలితాన్ని పక్కన పెట్టింది. ట్రిబ్యునల్‌కు సాక్ష్య చట్టం నియమాల కట్టుబాటు లేదు, నిజమే. కానీ మెజిస్ట్రేటు కోర్టుకు ఉంది. ఒకే ఫైలు రెండు చోట్లా నిలబడాలి.

సీసా సంగతీ న్యాయవాదికి తెలియాలి. నూనె, గ్రీజు పరీక్షకు వెడల్పు మూతి గాజు సీసా కావాలి. ప్లాస్టిక్ డబ్బాలో పడితే నూనె గోడలకు అంటుకుని అంకె తగ్గిపోతుంది. సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) నమూనాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా దిగువకు తేవాలి. బీఓడీ (ఆ కాలుష్యాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్ కొలత) నమూనాను ఐసుపెట్టెలో పెట్టి, ఆలస్యం లేకుండా ల్యాబుకు చేర్చాలి. మే నెల ఎండలో జీపులో ఊగిన సీసాలో సూక్ష్మజీవులు దారిలోనే పని మొదలుపెట్టేస్తాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగే మొదటి ప్రశ్న ఆ ఐసు గురించే. అందుకే మొదటి మూడు నెలలు ఫెలో కోర్టుకు పోకుండా, పర్యావరణ ఇంజనీర్లతో తనిఖీలకు వెళ్లాలి, ల్యాబులో కూర్చోవాలి.

సైన్సు ఎంత ముఖ్యమో చెప్పడానికి మన హైదరాబాదు కేసే చాలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలో ఒక నూనె పరిశ్రమకు ఆంధ్రప్రదేశ్ మండలి అనుమతి నిరాకరించింది. కంపెనీ పక్షాన దాఖలైన ఒక శాస్త్రవేత్త అఫిడవిట్‌ను అప్పీలు అథారిటీ నమ్మింది. హైకోర్టులోనూ మండలి ఓడింది. 1999 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎం. జగన్నాధరావు ఇచ్చిన తీర్పు నిపుణుల అభిప్రాయం తెప్పించమంది. హాని లేదని రుజువు చేయాల్సింది పరిశ్రమ పెట్టేవాడేనంది. 2000 డిసెంబరులో తుది తీర్పు మండలికి అనుకూలంగా వచ్చింది. పర్యావరణ కోర్టుల్లో శాస్త్రం తెలిసినవారు ఉండాలన్న మాటకు ఆ తీర్పులు బలమిచ్చాయి.

గడువులు కూడా ఒక చూపు చూడండి. హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 16 కింద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60. మొత్తం 90 దాటితే తలుపు మూసినట్టే. ఫైలు ఆ టేబులు నుంచి ఈ టేబులుకు తిరగడంలోనే అందులో సగం కరిగిపోతుంది.

నియామకపు ఉత్తర్వు రాసేవారు ఒక చిక్కు గమనించాలి. బార్ కౌన్సిల్ నియమం 49 ప్రకారం పూర్తికాల జీతపు ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదించడమే పనిగా ఉన్న లా ఆఫీసర్ల సంగతి 2013లో సుప్రీంకోర్టు వేరుగా చూసింది. అందుకని ఉత్తర్వులో ‘కోర్టులో హాజరై వాదించడం’ అన్న మాట స్పష్టంగా ఉండాలి, లేదా స్టాండింగ్ కౌన్సిల్ (మండలి తరఫున కేసులు చూసే న్యాయవాది) కింద, జీతం కాకుండా ఫీజు ఇచ్చే రిటైనర్ పద్ధతి పెట్టాలి. రెండూ లేకపోతే ఫెలో నోట్లు రాసే గుమాస్తాగా మిగిలిపోతాడు. మండలిలో చూసిన కేసులో రేపు అదే పరిశ్రమ తరఫున హాజరు కాకూడదని నియమం 33 ఎలాగూ ఉంది. అయినా ఒప్పందంలో మళ్లీ రాయించడం మంచిది.

చివరి నెల అప్పగింతకే కేటాయించాలి. ప్రతి కేసుకూ ఒక పేజీ: వచ్చే వాయిదా ఎప్పుడు, కౌంటరు (జవాబు పత్రం) వేశామా లేదా, తెలుగు ఫిర్యాదులకు ఇంగ్లిష్ అనువాదం అయిందా, రెండో సీసా ఏ ల్యాబులో ఉంది, దాని సీలు మీద ఎవరి సంతకం ఉంది.