పిలిస్తే పారిపోయే కుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మాది చెన్నైలో అయనావరం. మా పుట్టిల్లు గూడూరు. మావారికి ఐసీఎఫ్‌లో ఉద్యోగం కావడంతో పెళ్లయిన ఏడాదే ఇక్కడికి వచ్చాం. 1955 నుంచి రైలు పెట్టెలు తయారు చేస్తున్న ఫ్యాక్టరీ అది. ఆయన రిటైరయ్యాక కూడా ఈ పేట వదిలి వెళ్లాలనిపించలేదు. ఇక్కడ ప్రతి సందూ నాకు తెలుసనుకునేదాన్ని. మూడేళ్ల కిందట తప్పిపోయిన మా కుక్క కోసం తొమ్మిది రోజులు తిరిగాక, తెల్లవారుజాము మూడింటికి ఈ సందులు ఎలా ఉంటాయో మొదటిసారి తెలిసింది. దీపావళి దగ్గర పడుతోంది కాబట్టి ఆ సంగతి ఇప్పుడే చెప్పాలనిపించింది.

మా కుక్క పేరు బెల్లం. పాతబెల్లం రంగు, ఎడమ చెవి కొస కొంచెం వంగి ఉంటుంది. మామూలు నాటు కుక్క. షెల్టర్ నుంచి తెచ్చుకునేటప్పటికి దానికి ఏడాది వయసు. అంతకు ముందు ఎవరు ఏం చేశారో తెలియదు గానీ, మహా బెదురు. వంటింట్లో గరిటె జారిపడితే వాషింగ్ మెషీన్ వెనక దూరేది. ఇంటికి కొత్తవాళ్లు వస్తే మంచం కిందే దాని కాపురం. మా ముగ్గురినీ నమ్మడానికే ఆరు నెలలు పట్టింది.

తమిళనాడులో దీపావళి తెల్లవారకముందే మొదలవుతుంది. నూనె తలంటు, కొత్తబట్టలు, వెంటనే టపాసులు. ఉదయం 6 నుంచి 7 వరకు, రాత్రి 7 నుంచి 8 వరకు కాల్చుకోవాలని ప్రభుత్వం వేళలు పెట్టింది. పిల్లలు అంతసేపు ఎక్కడ ఆగుతారు? ఆ రోజు ఐదు కూడా కాలేదు. పాల ప్యాకెట్లు తీసుకోవడానికి గేటు తెరిచాను, బెల్లం నా పక్కనే ఉంది. వీధి చివర లక్ష్మీ బాంబు పేలింది. నేను దాని మెడ బెల్టు పట్టుకున్నాను. అది ముందుకు లాగలేదు, వెనక్కి లాగింది. తల చెవులతో సహా బెల్టులోంచి జారిపోయింది. బెల్టు నా చేతిలో ఉండిపోయింది, కుక్క లేదు.

టపాసు చప్పుడు 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటకూడదని మన దేశంలో నిబంధన ఉంది. ఆ హద్దే మన చెవికి ఎక్కువ. చప్పుడు ఎంత సన్నగా, కీచుగా ఉందో హెర్ట్జ్‌లలో కొలుస్తారు; మనిషికి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తే కుక్కకు సుమారు 45,000 దాకా వినిపిస్తుంది. మనం వినే చప్పుడు వేరు, దాని చెవిలో పడే చప్పుడు వేరు.

ఇక మేం చేసిన పొరపాటు చెబుతాను, ఎందుకంటే ఎవరైనా మొదట చేసేది అదే. వీధిలో కుర్రాళ్లంతా పాపం బైకులు తీశారు. నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్లు, నోట్లో "బెల్లం! బెల్లం!" అనే కేక. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం కొన్నూర్ హైరోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ కింద ఉందని ఫోన్ వచ్చింది. పరుగెత్తుకెళ్లాను. నిజంగానే బెల్లం. వంగి, చేయి చాచి, "బెల్లం, నేనేరా, రా అమ్మా" అన్నాను. అది నా కళ్లలోకి చూసింది. ఆ చూపులో నేను లేను. మరుక్షణం అవతలి వైపు నుంచి దూకి, బస్సుకీ ఆటోకీ మధ్య నుంచి రోడ్డు దాటిపోయింది. దానికేమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు అన్నం ముద్ద దిగలేదు. కన్నబిడ్డలా చూసుకున్న కుక్కకు నన్ను చూస్తేనే భయమా అని ఏడ్చాను.

మర్నాడు మా అమ్మాయికి తెలిసిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. తప్పిపోయిన కుక్కల్ని వెతికిపెట్టడంలో చాలామందికి సాయం చేసింది. కూర్చోకుండానే ఒక మాట అంది: "ఆంటీ, ఇవాళ్టి నుంచి ఎవరూ దాన్ని పిలవద్దు. ఎవరూ వెంటపడొద్దు. కనిపిస్తే నిలబడిపోండి, ఫోన్ చేయండి, అంతే."

ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పింది. భయం ముదిరిన కుక్కకు ప్రాణం కాపాడుకోవడం ఒక్కటే గుర్తుంటుంది. కదిలే ప్రతి ఆకారం నుంచీ పారిపోతుంది. అందులో పెంచినవాళ్లు కూడా ఉంటారు. పైగా మూడు రోజులుగా తన పేరు వినబడిన ప్రతిసారీ దాని వెనకే పరుగెత్తే కాళ్ల చప్పుడు కూడా వినబడింది. మనం ముద్దుగా పెట్టుకున్న పేరే దానికి ప్రమాద హెచ్చరిక అయిపోయింది. ఈ ముక్క విన్నాక నా మనసు కొంచెం తేలికపడింది. బెల్లం నన్ను మరిచిపోలేదు, దానికి గుర్తుపట్టే స్థిమితం లేదు, అంతే.

ఇంకో విషయం చెప్పింది. కలుపుగోలు కుక్క తప్పిపోతే ఎవరి దగ్గరికైనా వెళ్తుంది, ఎవరో ఒకరు ఇంట్లో కట్టేసుకుంటారు. బెదురు కుక్క ఎవరి చేతికీ చిక్కదు. తరమకుండా వదిలేస్తే చాలాసార్లు దగ్గర్లోనే ఒక మూల చూసుకుని పగలంతా నక్కి, సందడి సద్దుమణిగాక తిండికీ నీళ్లకీ బయటికి వస్తుంది. కాబట్టి మనకు కావలసింది పట్టుకునే చేతులు కాదు, చూసి చెప్పే కళ్లు.

ఆ సాయంత్రమే పోస్టర్లు మార్చాం. మొదట వేసినవాటిలో బెల్లం కథంతా రాశాం, బహుమతి మొత్తం కూడా వేశాం. ఆ డబ్బు కోసమే కుర్రాళ్లు వెంటపడ్డారని తర్వాత అర్థమైంది. కొత్తవాటిలో పెద్ద ఫొటో, ఒక ఫోన్ నంబరు, తమిళంలో రెండే మాటలు బండి మీద వెళ్లేవాడికి కూడా కనపడేంత పెద్దవిగా: తురత్తాదీంగ, కూప్పిడాదీంగ. తరమకండి, పిలవకండి. కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అదే. చెవి కొస వంపు సంగతి మాత్రం పోస్టర్‌లో రాయలేదు, అది కనపడని ఫొటోనే వేశాం. "మీ కుక్క మా దగ్గరుంది, ముందు డబ్బు పంపండి" అని రెండు ఫోన్లు వచ్చాయి. చెవి ఎలా ఉందో చెప్పండి అంటే పెట్టేశారు.

పోస్టర్ గోడకు అంటిస్తే సరిపోదు. తెల్లవారకముందే లేచేవాళ్లు ఎవరో వాళ్ల చేతికి ఇవ్వాలి. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిలు, పూలు కట్టే ఆవిడ, కార్పొరేషన్ ఊడ్పు పనివాళ్లు, రాత్రి వాచ్‌మన్లు. వీధి కుక్కలకు అన్నం పెట్టేవాళ్లనైతే తప్పక అడగాలి. తమ వీధిలోకి కొత్త కుక్క వస్తే వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రాత్రిపూట ఒక సందులో కుక్కలన్నీ ఒకే దిక్కుకు తిరిగి మొరుగుతున్నాయంటే అటు ఎవరో కొత్తవాళ్లు వచ్చినట్టే. మనిషైనా కావచ్చు, కుక్కైనా కావచ్చు.

ఐదో రోజు ఓట్టేరి నల్లా అనే కాలువ పక్క సందు నుంచి ఒక పాట్టి, అంటే మన అవ్వ, కబురు పంపింది. డెబ్భై ఏళ్లు దాటిన మనిషి. రోజూ నాలుగున్నరకు వాకిలి తడిపి ముగ్గు వేస్తుంది. ఆ రోజు చుక్కలు పెడుతుంటే బెల్టు లేని గోధుమరంగు కుక్క వచ్చి ఆవిడ బకెట్లో నీళ్లు తాగిందట. "నేను తలెత్తలేదమ్మా, చుక్కలు పెట్టుకుంటూ పోయాను. తాగి వెళ్లిపోయింది" అంది. ఎవరూ నేర్పకుండానే ఆవిడ చేయవలసింది చేసింది. నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి చూపించింది. తడి ఆరని బియ్యప్పిండిలో, మూడో వరస చుక్క పక్కన, నాలుగు వేళ్ల గుర్తు. అప్పటికే చీమలు చేరాయి. ఆవిడ దాన్ని తొక్కకుండా ఉంచింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆ ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉంది. పిచ్చి మొక్కలు, ఎవరో వదిలేసిన పాత ఆటో. ఆ ఆటో పక్కనే రోజూ ఒకే వేళకు తిండి పెట్టడం మొదలుపెట్టాం. ఉడకబెట్టిన చికెన్ లివర్, కాస్త ఎండుచేప. వాసన దూరం వెళ్లాలి, తిండి మాత్రం కొంచెమే ఉండాలి. ఆ సందులో ఐదు వీధి కుక్కలున్నాయి. వాటిని తరిమితే గొడవ, బెల్లం ఇంకా బెదిరిపోతుంది. అందుకని మూడింటికే సందు ఆ చివర వాటికి కడుపునిండా పెట్టి, ఆ తర్వాత ఇక్కడ గిన్నె పెట్టేవాళ్లం. నేను కట్టి విడిచిన పాత చీర ఒకటి ఉతక్కుండా గిన్నె పక్కన పరిచాం. పాట్టి వాళ్ల కిటికీలో పాత సెల్‌ఫోన్ వీడియో ఆన్ చేసి పెట్టాం.

ఆరో రాత్రి మూడుంబావుకి బెల్లం వచ్చింది. వీడియోలో నీడలా ఉంది, నడుం లోపలికి పోయింది, తోక కాళ్ల మధ్య. తిని వెళ్లిపోయింది. ఏడో రాత్రి తిన్నాక చీర దగ్గర ఆగి చాలాసేపు వాసన చూసింది. ఎనిమిదో రాత్రి చీర మీద పడుకుంది. ఆ వీడియో ఎన్నిసార్లు చూసుకున్నామో లెక్కలేదు. మావారు అప్పుడే వెళ్లి పట్టుకుందామన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. ఒక్కసారి చేయి జారితే ఆ చోటు కూడా దానికి భయం అయిపోతుందంది. ఇంకా దగ్గరికి రాకపోతే బోను పెడదామంది. అదైనా అనుభవం ఉన్నవాళ్లే పెట్టాలి, పక్కనే ఒకరు కాపలా ఉండాలి.

తొమ్మిదో రాత్రి రెండున్నరకు నేనొక్కదాన్నే వెళ్లి ఆటో పక్కన నేల మీద కూర్చున్నాను. దోమల చక్రం ఒకటి వెలిగించి పొగ ఎటు పోతోందో చూశాను. నా వాసన అది వచ్చే వైపుకు వెళ్లాలి కదా. దారికి పక్కకు తిరిగి, తల వంచుకుని, బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేస్తూ తింటున్నట్టు కూర్చున్నాను. మూడు దాటింది. మొక్కల్లో అలికిడి. తలెత్తలేదు. ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో చెప్పలేను. ఒక లివర్ ముక్క నాకు దూరంగా విసిరాను. తిన్న చప్పుడు. ఇంకోటి కొంచెం ఇవతలికి. పెద్దగా ఆవులించాను. ఆవులింత కుక్కల భాషలో "నావల్ల నీకేం హాని లేదు" అన్నట్టట. అలా గంట గడిచింది. కాళ్లు మొద్దుబారిపోయాయి.

అప్పుడు పొట్ట నేలకు ఆనేలా పాకుతూ వచ్చి, మెడ సాచి నా మోచేతిని వాసన చూసింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి దాని ఒళ్లంతా వణికింది. గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. తల తెచ్చి నా చంకలో దూర్చేసింది. అప్పుడు కూడా నేను పట్టుకోలేదు. బరువంతా నా మీద వేసేదాకా ఆగి, మణికట్టుకు చుట్టుకున్న ఉచ్చుతాడు మెల్లగా దాని మెడకు జార్చాను. సందు మొదట్లో అద్దాలు ఎక్కించిన కారులో మా అమ్మాయి ఉంది. తలుపు మూసుకున్నాకే "బెల్లం" అని పిలిచాను. తోక కదిలింది.

ఇంటికి రాగానే స్నానాలు చేయించకండి, చుట్టాలందరినీ పిలవకండి. చీకటి మూల చూపించి, కొంచెం కొంచెం తిండి పెట్టి పడుకోనివ్వాలి. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. బెల్లానికి పిడుదులు పట్టి, అరికాళ్లు పగిలాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష చేశారు. వేరే కుక్కలు కరిచిన గాయం ఉంటే రేబిస్ టీకా మళ్లీ వేయాలి. పట్టుకునేటప్పుడు మనల్ని కరిచినా, గీరినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడుక్కుని ఆసుపత్రికి వెళ్లాలి. మన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

ఇప్పుడు బెల్లానికి చిప్ కూడా ఉంది. బియ్యపుగింజంత ఉంటుంది, చర్మం కింద పెడతారు, అందులో 15 అంకెల నంబరు ఉంటుంది. కుక్క ఎక్కడుందో అది చెప్పదు, దొరికిన కుక్క ఎవరిదో చెబుతుంది. చెన్నై కార్పొరేషన్ పెంపుడు కుక్కలకు లైసెన్సుతో పాటు దీన్నీ పెట్టించమంటోంది. బెల్టు లేని కుక్కను వీధి కుక్క అనుకుని కార్పొరేషన్ బండివాళ్లు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు తీసుకెళ్లే అవకాశం ఉంది. ఆ ఆపరేషన్లు చేసే పులియాంతోపు లాంటి కేంద్రాలకు మనం స్వయంగా వెళ్లి చూసుకోవాలి.

ఈ దీపావళికి బెల్లానికి మెడ బెల్టుతో పాటు ఛాతీకి హార్నెస్, రెంటికీ రెండు తాళ్లు. వారం ముందు నుంచే గేటుకు తాళం. పండగ రోజు నాలుగు గంటలకే బయట తిప్పి తెచ్చి, లోపలి గదిలో ఫ్యాన్ వేసి, మంచం కింద ఆ పాత చీర పరుస్తాను.

మీలో ఆ రోజు తెల్లవారుజామునే వాకిట్లో ముగ్గు వేసేవాళ్లుంటారు. తోక ముడుచుకుని గోడవారగా పోయే కుక్క కనిపిస్తే పిలవకండి, తలెత్తి చూడకండి. బకెట్లో నీళ్లు అలాగే ఉంచండి. ఎన్ని గంటలకు, ఎటు వెళ్లిందో గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే ఎవరో ఒకరు పోస్టర్ పట్టుకుని మీ వీధికి వస్తారు.

నమస్కారం.