మిషనరీ పిల్లలకు పాఠాలు చెప్పడానికి విదేశం వెళ్లే ముందు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విదేశాల్లో సేవ చేస్తున్న మిషనరీల పిల్లలకు చదువు చెప్పేందుకు ఎలా సిద్ధపడాలన్న విషయం మీద మాట్లాడటానికి, ఆఫ్రికాలోని అటువంటి ఒక పాఠశాలలో నాలుగేళ్లు లెక్కలు బోధించి వచ్చిన ఒంగోలు ఉపాధ్యాయిని ఈ రోజు మన నెల్లూరు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను కావలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (కావలి): నమస్కారం మేడమ్. నేను బి.ఎస్సీ., బి.ఎడ్. పూర్తిచేసి ఆరేళ్లుగా ఇక్కడి ప్రైవేటు హైస్కూలులో లెక్కలు చెబుతున్నాను. మా చర్చి సంఘానికి వచ్చిన మిషనరీ దంపతులు, తమ పిల్లలు చదివే బడికి టీచర్లు దొరకడం లేదని చెప్పినప్పటి నుంచి నా మనసు అటే ఉంది. ఒక ఏడాది వెళ్లి చూసి వద్దామనుకుంటున్నాను. ముందుగా ఏం నేర్చుకోవాలి?

అతిథి: సంతోషమమ్మా. పిల్లల చదువు ఎలాగన్న చింత మిషనరీ కుటుంబాలకు ఈనాటిది కాదు. 1840లో అమెరికన్ మిషనరీ శామ్యూల్ డే దొర మన నెల్లూరుకు వచ్చాక ఆరు దశాబ్దాలకు, అంటే 1901లో, కొడైకెనాల్‌లో మిషనరీల పిల్లల కోసం బడి పెట్టారు. కెన్యాలోని కిజాబేలో 1906లో పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. ఇలాంటి చోట్ల అమెరికన్ లేదా బ్రిటిష్ పాఠ్యప్రణాళిక ఉంటుంది కాబట్టి, మీరు చేరబోయే బడిలో ఏది నడుస్తోందో కనుక్కుని, ఆ పాఠ్యపుస్తకాలను, పాత ప్రశ్నపత్రాలను ఇప్పుడే తెప్పించుకుని చేసి చూడండి. లెక్క మనకు వచ్చిందే అయినా రాసే తీరు వేరుగా ఉంటుంది. మొదటి వారంలో నేను బోర్డు మీద రెండు లక్షల యాభై వేలను మన అలవాటు ప్రకారం 2,50,000 అని రాస్తే, టీచర్ కామా తప్పు పెట్టారని పిల్లలంతా ఒక్కసారిగా అన్నారు. వాళ్లకు అది 250,000. లక్ష అనే మాటే వాళ్లకు తెలియదు. అమెరికన్ పుస్తకాల్లోనైతే అంగుళాలు, అడుగులు, పౌండ్లు కూడా ఎదురవుతాయి.

అయితే మీరు ఒక ఏడాది అన్నారు చూడండి, అక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. చేరిన రోజే పదేళ్ల పాప ఒకతె నా బల్ల దగ్గరకు వచ్చి, పేరైనా అడగకుండా, "మీరు ఎన్నేళ్లు ఉంటారు?" అని అడిగింది. అప్పటికి నేను సంతకం పెట్టింది ఏడాదికే కనుక అదే చెప్పాను. ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. దసరా సెలవుల్లాంటి వాళ్ల నడిమి సెలవులు ముగిసేదాకా, లెక్క అర్థం కాకపోయినా నా దగ్గరకు రాలేదు. ఏటా ఎవరో ఒక టీచరు, ఎవరో ఒక స్నేహితురాలు సామాను సర్దుకుని పోవడం చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు. సొంత ఊరు ఏదంటే తల్లిదండ్రుల దేశం చెప్పాలో, పుట్టిన చోటు చెప్పాలో తేలక ఊరుకుంటారు. ఇటువంటి వారికి "మూడో సంస్కృతి పిల్లలు" అన్న పేరు పెట్టిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్, 1950లలో మన దేశంలో ఉంటున్న అమెరికన్ కుటుంబాలను చూసే ఆ ఆలోచనకు వచ్చారు. కాబట్టి కనీసం రెండేళ్లు ఉండగలనని ఇంట్లో తేల్చుకున్నాకే దరఖాస్తు పెట్టండి. ఈలోగా ఏదైనా హాస్టల్లో సాయంత్రాలు పిల్లలతో గడపండి. ఆ బడుల్లో పిల్లలు హాస్టల్లోనే ఉంటారు కాబట్టి, బడి గంట కొట్టాక కూడా టీచరు పని అయిపోదు. రాత్రి జ్వరం వచ్చిన పిల్ల తలుపు కొట్టేది మీ గదికే.

వ్యాఖ్యాత: సింగరాయకొండ నుంచి ఒక తండ్రి మాట్లాడుతున్నారు.

శ్రోత (సింగరాయకొండ): నమస్తే అమ్మా. మా అమ్మాయి కూడా ఇలాగే వెళతానంటోంది. జీతం ఉండదంటున్నారు, నిజమేనా? డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలి?

అతిథి: నిజమేనండీ. చాలా బడుల్లో టీచర్లు తమ ఖర్చును తామే సంఘాల నుంచి, బంధుమిత్రుల నుంచి కానుకలుగా కూడగట్టుకుని వెళ్లాలి. అందుకే నెలకు ఎంత కావాలి, ఉండడానికి గది ఎవరిస్తారు, వైద్య బీమా ఉందా, తిరుగు ప్రయాణం టికెట్టు ఎవరు కొంటారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. నోటి మాటను నమ్మి విమానం ఎక్కించవద్దు. మధ్యవర్తి ఎవరైనా ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగితే, అతనికి అనుమతి ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పవచ్చని అంటే ఒప్పుకోకండి.

డిగ్రీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖలో అపోస్టిల్ ముద్ర, అంటే ఆ కాగితం అసలైనదేనని విదేశాలకు తెలిపే ముద్ర, వేయించాలి. అపోస్టిల్‌ను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో లేని దేశమైతే, దానికి బదులు విదేశాంగ శాఖ మామూలు ధ్రువీకరణతోపాటు ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కూడా అడుగుతారు. దీనికి నెలలు పట్టవచ్చు కాబట్టి ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టుకు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో దరఖాస్తు చేయాలి. పిల్లల మధ్యకు వెళ్లేవారి గురించి పాత యజమానులను కూడా విచారిస్తారు. దానికి నొచ్చుకోకూడదు, విచారించని బడినే అనుమానించాలి. కెన్యా వంటి దేశమైతే ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి, టీకా వేశాక ఇచ్చే పసుపు రంగు కార్డును పాస్‌పోర్టుతోపాటే ఉంచాలి.

శ్రోత (సింగరాయకొండ): అమ్మాయి ఒక్కతే అంత దూరం అంటే వాళ్లమ్మ ఒప్పుకోవడం లేదమ్మా.

అతిథి: ఆ బడిలో ఇప్పుడు పనిచేస్తున్న టీచరు ఎవరితోనైనా ఫోనులో మాట్లాడించమని బడివారినే అడగండి. ఆ మాటలు మీరు కాదు, వాళ్లమ్మగారు మాట్లాడాలి.