రియాక్టర్‌లో మూడు గడియారాలు

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. అణు రియాక్టర్‌లో ఇంధనమైన యురేనియం-235 పరమాణువులు చీలినప్పుడు (విచ్ఛిత్తిలో) పుట్టే న్యూట్రాన్లలో దాదాపు 0.65 శాతం ఆలస్యంగా, సెకన్ల తేడాతో వస్తాయి. రియాక్టర్ మనిషి చేతికి లొంగుతోందంటే ఆ కాస్త ఆలస్యం చలవే. రియాక్టివిటీ, అంటే గొలుసు చర్య పెరిగే మొగ్గు, 0.1 శాతం పెరిగితే, శక్తి రెండున్నర రెట్లు కావడానికి ఇంచుమించు నిమిషం పడుతుంది. పెరుగుదల 0.65 శాతం దాటిందా, గొలుసు చర్య ఆలస్యపు న్యూట్రాన్ల కోసం ఆగదు. న్యూట్రాన్లను మింగి చర్యను అదుపు చేసేందుకు మోటారుతో దిగే కడ్డీ ఇక దాన్ని అందుకోలేదు.

కాబట్టి రియాక్టర్ తనంతట తానే నెమ్మదించాలి. ఇంధనం వేడెక్కితే యురేనియం-238 న్యూట్రాన్లను ఎక్కువగా మింగుతుంది. ఈ డాప్లర్ ప్రభావం తక్షణం పనిచేస్తుంది. నీరు ఆవిరైతే వచ్చే మార్పుకు సెకన్లు కావాలి. న్యూట్రాన్లను మింగే జెనాన్-135 మాత్రం గంటల లెక్క: 6.6 గంటల అర్ధాయువున్న అయోడిన్ నుంచి పుడుతుంది, దాని అర్ధాయువు 9.1 గంటలు. శక్తి తగ్గించగానే, న్యూట్రాన్లను మింగి ఖర్చయ్యే జెనాన్ తగ్గి, మిగిలింది పేరుకుంటుంది.

న్యూట్రాన్ల వేగం తగ్గితేనే గొలుసు చర్య బాగా సాగుతుంది. కూడంకుళంలో ఆ వేగం తగ్గించేది నీరే. నీరు ఆవిరైతే చర్య మందగిస్తుంది. చెర్నోబిల్‌లో ఆ పని గ్రాఫైట్‌ది. నీరు న్యూట్రాన్లను మింగేది. ఆవిరి పెరిగితే మింగేది తగ్గి, చర్య ఎగసిపడేది. శక్తి 20 శాతం కన్నా దిగువనుంటే డాప్లర్ ఈ ఎగుడుకు సరితూగేది కాదు.

1986 ఏప్రిల్ 26న, అర్ధరాత్రి దాటాక, చెర్నోబిల్‌లో జరపాల్సిన ఒక పరీక్షకు 700 మెగావాట్ల ఉష్ణశక్తి అనుకున్నారు. అది 30కి పడిపోయింది, ఎలాగో 200కి లాగారు. జెనాన్‌ను తట్టుకోవడానికి కడ్డీలు పైకి తీస్తూపోయారు. కనీసం 15 కడ్డీల విలువ లోపల ఉండాలన్నది నియమం, మిగిలింది సుమారు 8. ఇంత తక్కువ శక్తి దగ్గర రియాక్టర్‌ను నిలబెట్టడమే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

1:23:40కి అత్యవసర మీట నొక్కారు. ఇక్కడ కడ్డీని దగ్గరగా చూడాలి. దాని కింద 4.5 మీటర్ల గ్రాఫైట్ దిమ్మె వేలాడుతుంది. కడ్డీ పూర్తిగా పైకి తీసి ఉంటే 7 మీటర్ల కోర్ మధ్యలో ఆ దిమ్మె, దాని కింద 1.25 మీటర్ల నీరు. కడ్డీ దిగగానే గ్రాఫైట్ ఆ నీటిని తోసేసింది. ఆపాల్సిన కడ్డీయే కింది భాగంలో రియాక్టివిటీని పెంచింది. పూర్తిగా దిగడానికి 18 సెకన్లు పట్టేది. శక్తి ఉప్పెన సెకన్లలోనే వచ్చింది.

తర్వాత ఆ తరహా రియాక్టర్లలో ఇంధనంలో యురేనియం-235 వాటాను 2 నుంచి 2.4 శాతానికి పెంచారు, న్యూట్రాన్లను మింగే అదనపు శోషకాలు 80కి పైగా అమర్చారు, కడ్డీలు దిగే సమయాన్ని 12 సెకన్లకు దించారు. 2.5 సెకన్లలో పనిచేసే వేగవంతమైన వ్యవస్థనూ చేర్చారు. ఆవిరి ప్రభావం ఆలస్యపు న్యూట్రాన్ల వాటాకు 4.5 రెట్ల నుంచి 0.7 రెట్లకు తగ్గింది. దాని గుర్తు మాత్రం ఇంకా ధనాత్మకమే, అంటే ఆవిరి పెరిగితే చర్య పెరుగుతుంది.