కొత్త ల్యాప్‌టాప్‌లో పాత టెర్మినల్

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో నేను సమీక్షిస్తున్నది దాదాపు పూర్తిగా బ్రౌజర్ మీద, క్లౌడ్ మీద, అంటే నెట్ ద్వారా అందే దూరపు కంప్యూటర్ల మీద ఆధారపడి పనిచేసే ఒక తక్కువ ధర ల్యాప్‌టాప్. నెల రోజులు వాడాక, దీన్ని ఇప్పటి ల్యాప్‌టాప్‌లతో కన్నా 1960ల నాటి టెర్మినల్‌తో, అంటే వేరేచోట ఉన్న పెద్ద కంప్యూటర్‌ను వాడుకోవడానికి ముందు కూర్చునే పరికరంతో పోల్చి చూస్తేనే దీని మంచిచెడ్డలు స్పష్టంగా తెలుస్తాయని నాకు అనిపించింది.

ఆ రోజుల్లో ప్రోగ్రామును కార్డుల మీద పంచ్ చేసి, ఆ కట్టను ఆపరేటర్‌కు అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. ఒక్క కామా తప్పినా పని మళ్లీ మొదటికి వచ్చేది. ఈ ఇబ్బంది తీర్చడానికే అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో సీటీఎస్‌ఎస్ అనే టైమ్ షేరింగ్ వ్యవస్థను ప్రదర్శించింది. కంప్యూటర్ ఒక్కటే అయినా, అది తన సమయాన్ని చిన్న ముక్కలు చేసి అందరికీ వంతులవారీగా పంచేది కాబట్టి, టైప్‌రైటర్ లాంటి టెర్మినల్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ అది తమ కోసమే పనిచేస్తున్నట్టు ఉండేది. అందరి ఫైళ్లూ ఒకేచోట ఉండేవి కనుక, ఎవరివి వారికే దక్కేలా పాస్‌వర్డ్ పెట్టారు. ఈ ల్యాప్‌టాప్ మూత తెరవగానే అడిగేదీ పాస్‌వర్డే. అయితే అది యంత్రానిది కాదు, ఎక్కడో సర్వర్‌లో ఉన్న మన ఖాతాది.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ కనీస మోడల్‌లో 16 కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉండేది. నా చేతిలోని ఈ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ఉంది, అంటే దానికి రెండున్నర లక్షల రెట్లకు పైమాటే. అయినా ఒక సాయంత్రం మా ఇంట్లో నెట్ పోయినప్పుడు, నేను అంతకుముందు రోజు రాసుకున్న నాలుగు పేజీలు ఇందులో తెరుచుకోలేదు. తెర మీద ఫైలు పేరు కనిపిస్తోంది, నొక్కితే తెల్లటి పేజీ వస్తోంది. ఆ పాత పీసీకి ఫ్లాపీ డ్రైవు పెట్టించుకున్న మనిషికి ఈ అవస్థ లేదు. అతని రాత అతని సొరుగులోనే ఉండేది. ఈ విషయం నన్ను నిజంగా బాధపెట్టింది.

అలాగని పాత పద్ధతే మేలని చెప్పలేను. వానాకాలం తేమకు ఫ్లాపీలు బూజు పట్టి, ఏళ్ల లెక్కలు పోగొట్టుకున్నవారు మన ఊళ్లలోనే ఉన్నారు. ఈ ల్యాప్‌టాప్ పాడైనా, మరొకదానిలో లాగిన్ అయితే ఐదు నిమిషాల్లో అన్నీ యథాస్థానంలో కనిపిస్తాయి. క్లౌడ్‌లో అద్దెకు దొరికే వర్చువల్ మెషీన్ల (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే విడివిడి కంప్యూటర్ల) ఆలోచన కూడా కొత్తది కాదు, 1972లోనే ఐబీఎం పెద్ద కంప్యూటర్ల కోసం తెచ్చిన వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మారింది మనకూ యంత్రానికీ మధ్య దూరం. అప్పటి టెర్మినల్ వాడుకరికి కంప్యూటర్ ఏ గదిలో ఉందో, దాన్ని నడిపేదెవరో తెలిసేది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు ప్రారంభించింది; మన ఫైలు మన ఊరి పొలిమేరల్లోనే ఉన్నా, ఏ యంత్రంలో ఉందో మనకు తెలియదు.

చదువుకునే పిల్లలకు, ఎప్పుడూ నెట్ అందుబాటులో ఉండేవారికి నేను దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. దుకాణం లెక్కలు గానీ, సొంత రచనలు గానీ దీనిలోనే ఉంచుకోదలచినవారు మాత్రం కొన్న రోజే ఆఫ్‌లైన్ సదుపాయాన్ని ఆన్ చేసి, నెట్ ఆపేసి ఒక ఫైలు తెరిచి చూడండి. వారానికి ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి.