బళ్ళారి నాటకం ఎవరిది?

(బళ్ళారి రాఘవ జయంతి సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, పెద్దలకు, ఈ ఉక్కపోతలో కూడా ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘రాఘవ నటనా వైభవం’. దాని దగ్గరికి వస్తాను. అంతకంటే ముందు ఆయన వెనక నిలబడ్డ ఇద్దరి గురించి చెప్పనివ్వండి. ఏటా దండలన్నీ ఒక్క ఫొటోకే పడుతున్నాయి.

ఒకరు ధర్మవరం కృష్ణమాచార్యులు, రాఘవకు స్వయానా మేనమామ. రెండోవారు కోలాచలం శ్రీనివాసరావు. ఇద్దరూ బళ్ళారిలో ప్లీడర్లే. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు. ఆచార్యులవారి నాటక సమాజం సరస వినోదిని సభ, కోలాచలం వారిది సుమనోరమ సభ. ఒకే ఊళ్ళో రెండు సభలు, వాటి మధ్య గట్టి పోటీ. ఆచార్యులు చిత్రనళీయం రాస్తే జనం విరగబడ్డారు. మంగళాంతమే ఉండాలనుకునే రోజుల్లో విషాద సారంగధర రాసి ఆడించారు. ఇటు కోలాచలం పురాణాలు దాటి చరిత్రలోకి వెళ్ళారు. విజయనగర పతనం మీద రామరాజు చరిత్ర రాశారు. అంతటితో ఆగలేదు. 1908లో ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. బళ్ళారిలో కూర్చుని! ఆ మనిషి పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

రాఘవ పేరు మోగించిన పాత్రల్లో ఒకటి పఠాన్ రుస్తుం. అది కోలాచలం వారి నాటకంలోదే. అంటే మేనమామ ఇంట్లో పెరిగిన విద్య, పోటీ సభ నాటకంలో వెలిగింది. నా దృష్టిలో బళ్ళారి గొప్పతనం అదే. పోటీ పడ్డారు గానీ విద్యకు గోడలు కట్టలేదు.

ఇక రాఘవ. గాంధీగారు 1927లో ఆయన ‘దీనబంధు కబీర్’ చూసిన సంగతి ప్రతి సభలోనూ వింటున్నాం. నేను మళ్ళీ చెప్పను. నాకు ముఖ్యం అనిపించేది వేరే. పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టి, చచ్చిపోయిన పాత్రను కూడా లేపి పాడించే కాలంలో ఆయన రాగాలు తగ్గించి మాట మీద, ముఖం మీద నాటకం నడిపారు. మా పెదనాన్న ఆయన్ని చూసినవాడు. ‘ఆయన నోరు తెరవకముందే మాకు సంగతి అర్థమయ్యేదిరా’ అనేవాడు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటి చదువుకున్న స్త్రీ ఆయన పక్కన రంగస్థలం ఎక్కింది. ఆ రోజుల్లో దానికి ఎంత గుండె కావాలో ఇక్కడున్న అమ్మలు ఆలోచించండి.

ఇదంతా ఎక్కడికి పోయింది? సినిమా వచ్చింది, నిజమే. రాఘవగారే ‘రైతుబిడ్డ’లో, ‘చండిక’లో వేశారు. 1946లో ఆయన పోయారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి, అంటే ఇప్పటి కర్ణాటకకు పోయింది. ఊరు పోతే పోయింది, నాటకాన్ని కూడా అక్కడే వదిలేశాం! మనకేమో అది పక్క రాష్ట్రం, వాళ్ళకేమో అది తెలుగు నాటకం. మధ్యలో అనాథ అయింది. అన్నట్టు, అక్కడి రంగమందిరానికి ఇప్పటికీ రాఘవ పేరే ఉంది. ఆ మర్యాద వాళ్ళు నిలుపుకున్నారు.

నా కడుపు మండిన సంగతి ఒకటి చెప్పాలి. ఒక గ్రంథాలయంలో పాత నాటకాల పుస్తకాలు తూకానికి వేస్తుంటే చూశాను. అట్టలు లేవట, ఎవరూ అడగడం లేదట. అడిగేవాడు లేకపోతే పుస్తకం చెత్తవుతుందా?

అయ్యా, అమ్మా, మీ అటకల మీద వెతకండి. నాటకాల ప్రతులు, కరపత్రాలు, టికెట్లు, హార్మోనియం పెట్టెలో మడిచిపెట్టిన పద్యాలు, ఏదైనా సరే. చెదలు కొట్టినా తీసుకురండి, నేను ఫొటోలు తీసి మీవి మీకు ఇచ్చేస్తాను. కుర్రాళ్ళకు ఇంకో మాట. వచ్చే జయంతికి నాలాంటివాళ్ళ ఉపన్యాసాలు తగ్గించి, విషాద సారంగధరలో ఒక్క రంగం ఆడండి. సారంగధరుడికి మనిషి దొరక్కపోతే మా మనవణ్ణి పంపిస్తాను. వాడు పద్యం బాగా చెబుతాడు.