తీసేసిన నలభై లైన్లు

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఆదివారం పొద్దున్నే లేచి వచ్చిన వాలంటీర్లకి, అన్నిటికన్నా ముందు ఈ మైకుని మూడోసారి బాగుచేసిన కుర్రాడికి నా కృతజ్ఞతలు. పరిచయంలో నా గురించి చెప్పినదాంట్లో సగం తగ్గించుకోండి. నేను న్యాయవాదిని కాను. ముప్పై ఏళ్ళు ప్రోగ్రాములు రాసి బతికాను. రిటైరయ్యాక ఈ సంస్థలో కూర్చుని పేటెంటు దరఖాస్తులు చదువుతున్నాను. ఇంట్లోవాళ్ళకి ఇదేం సరదానో ఇప్పటికీ అర్థం కాలేదు.

నాకిచ్చిన అంశం "సాఫ్ట్‌వేర్ పేటెంట్లు, స్వచ్ఛంద సంస్థల పాత్ర". దీనికోసం ఇరవై రెండు స్లైడ్లు చేసుకొచ్చాను. మొదటి స్లైడులో నిర్వచనం ఉంది. దాన్ని నోటితోనే చెప్పేస్తాను. మీరు ఒక పద్యం రాశారనుకోండి. దాన్ని ఇంకొకరు ఎత్తి రాసుకోకుండా కాపాడేది కాపీరైట్. బాగానే ఉంది. ఇప్పుడు ఇంకెవరో వచ్చి "కందంలో రాయడం అనే పద్ధతి నాది" అంటే? మీరు ఆయన పద్యం చూడలేదు, ఆయన పేరైనా వినలేదు, మీ బుర్రలోంచే రాసుకున్నారు. అయినా రెండో పాదంలో ప్రాస కుదరగానే మీరు ఆయనకి బాకీ పడ్డట్టే. అదీ పేటెంటు. నేను కాపీ కొట్టలేదు మహాప్రభో అన్నా అక్కడ చెల్లదు. ఈ ఒక్క తేడా తెలియక మేం దెబ్బతిన్నాం.

సరే, స్లైడ్లు తర్వాత. ముందు ఆ సంగతి చెప్పనివ్వండి.

చాలా ఏళ్ళ కిందట నేనూ ఇద్దరు మిత్రులూ కలిసి పాత ఫైళ్ళలో వెతుక్కోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాం. ఉచితంగా ఇచ్చాం, సోర్సు కోడు కూడా ఇచ్చాం. దాంట్లో మాకు బాగా నచ్చినది ఒకటుండేది. మాట పూర్తిగా టైపు చేయక్కర్లేదు. ఒక్కో అక్షరం కొడుతుంటే కింద జాబితా తగ్గుకుంటూ వచ్చేది, మీరు ఎక్కువసార్లు తెరిచే ఫైలు పైకొచ్చి కూర్చునేది. మొత్తం నలభై లైన్ల కోడు. మా మిత్రుడు ఒక్క రాత్రిలో రాశాడు, రెండో రాత్రి దాంట్లో తప్పులు దిద్దాడు.

ఒకరోజు ఉత్తరం వచ్చింది. మందపాటి కాగితం, పైన లాయర్ల కంపెనీ పేరు. లోపల ఎవరి తరఫున రాశారో ఆ సంస్థ పేరు మేం ఎన్నడూ వినలేదు. వాళ్ళు అమ్మే వస్తువు ఏమిటో వెతికాం. ఏమీ లేదు. వాళ్ళ దగ్గరున్నది పేటెంటు, అంతే. దాని నకలు జతచేశారు.

పేటెంటులో అసలు ప్రాణం క్లెయిముల్లో, అంటే ఫలానాది మాది అని చెప్పుకునే వాక్యాల్లో ఉంటుంది. ఒక్కో క్లెయిము ఒకే ఒక్క వాక్యంగా ఉండాలని ఆచారం. ఎంత పొడుగైనా సరే, ఫుల్‌స్టాప్ చివర్నే. మా మిత్రుడు మొదటి క్లెయిము పైకి చదవడం మొదలెట్టాడు. ఒక ఇన్‌పుట్ సాధనం ద్వారా వినియోగదారు నుంచి కనీసం ఒక సంకేతాన్ని స్వీకరించడం, సదరు సంకేతాన్ని ఒక మెమరీలో నిల్వ చేయడం, సదరు మెమరీలోని... ఇలా ఒకటిన్నర పేజీ. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. చదివాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇంతకీ ఇదేం చేస్తుందట?" అన్నాడు ఇంకో మిత్రుడు. ఇంకోసారి చదివితే అప్పుడు తెలిసింది, అది మన నలభై లైన్లే. రాసినవాళ్ళమే పోల్చుకోలేకపోయాం!

లాయరు దగ్గరికి వెళ్ళాం. మంచివాడు, ఆ రోజుకి ఫీజు కూడా తీసుకోలేదు. "గెలుస్తారేమో. గెలిచేలోపు ఎంతవుతుందో తెలుసా?" అని ఒక అంకె చెప్పాడు. ఉత్తరంలో అడిగిన లైసెన్సు ఫీజు అంతకన్నా చాలా తక్కువ. ఆ లెక్క పొరపాటున అలా పడింది కాదండీ, అలా పడాలనే వేశారు. అయితే ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాముకి ఫీజు ఎక్కణ్ణించి తెస్తాం? ఎన్ని కాపీలకని కడతాం? తాటాకు చప్పుళ్ళకి కుందేళ్ళు బెదురుతాయా అంటారు. మేం బెదిరాం. నలభై లైన్లూ తీసేసి కొత్త వెర్షన్ ఇచ్చాం. మార్పుల జాబితాలో "చిన్న చిన్న సవరణలు" అని రాశాం.

ఆ మాట రాసింది నేనే.

వారం తిరక్కుండా ఒకావిడ మెయిల్ పెట్టారు. ఆవిడకి వేళ్ళ కీళ్ళ జబ్బు. "మూడు అక్షరాలు కొడితే నా పని అయిపోయేది, ఇప్పుడు మొత్తం కొట్టాల్సి వస్తోంది, ఎందుకు తీశారు?" అని అడిగారు. ఏమీ రాయొద్దు, ఏం రాసినా రేపు కోర్టులో మీ మీదికే తెస్తారు అని లాయరు చెప్పాడు. జవాబివ్వలేదు.

సాఫ్ట్‌వేర్ పేటెంట్ల వల్ల నష్టం ఎంత అని ఎవరైనా లెక్క వేస్తే కోర్టు కేసులు లెక్కేస్తారు. మాది అందులో రాదు. కేసు లేదు, తీర్పు లేదు, పేపర్లో వార్త లేదు. ఒక ఫీచరు ఉండేది, పోయింది. ఇలా ఎక్కడెక్కడ ఎన్ని పోయాయో ఎవరు రాసిపెడతారు? సరే, సరే. ఆవేశపడొద్దని మా ఆవిడ చెప్పి పంపింది. అంశానికొస్తాను.

జిఫ్ సంగతి ఇక్కడ చాలామందికి తెలుసు, తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఎల్‌జడ్‌డబ్ల్యు అని ఫైళ్ళని కుదించే పద్ధతి ఒకటుంది. టెర్రీ వెల్చ్ దాని గురించి 1984లో ఒక పత్రికలో వ్యాసం రాశారు. చదివినవాళ్ళు, ప్రచురించారు కదా, అందరిదీ అనుకుని వాడుకున్నారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో కంప్రెస్ అనే ప్రోగ్రాం అలాగే వచ్చింది. పేటెంటు దరఖాస్తు 1983లోనే పడిందనీ, 1985 చివర్న మంజూరైందనీ వాళ్ళకేం తెలుసు! 1987లో కంప్యుసర్వ్ అనే కంపెనీ ఆ పద్ధతితోనే జిఫ్ బొమ్మల ఫార్మాట్ చేసింది. ప్రపంచమంతా వాడింది. 1994 డిసెంబరులో, అంటే అందరికీ బాగా అలవాటయ్యాక, పేటెంటు చేతిలో ఉన్న యూనిసిస్ కంపెనీ లైసెన్సు తీసుకోమంది.

అప్పుడేమైంది? 1995 జనవరి మొదటి వారంలోనే కొందరు ఇంటర్నెట్‌లో కూర్చుని కొత్త ఫార్మాట్ మొదలెట్టారు. అదే పీఎన్‌జీ. కంప్రెస్ బదులు జీజిప్ అంతకుముందే వచ్చింది. 1999 నవంబరు 5న లీగ్ ఫర్ ప్రోగ్రామింగ్ ఫ్రీడమ్ అనే సంస్థ జిఫ్‌లన్నీ తగలబెట్టే రోజు అని పిలుపిచ్చింది. ఫైలుని ఎలా తగలబెడతారని నవ్వారు జనం. నవ్వినా విషయం తెలుసుకున్నారు కదా. ఆ పేటెంటు గడువు అమెరికాలో 2003 జూన్‌లో తీరింది.

ఇక్కడ ఎప్పుడూ ఒకాయన లేచి "చూశారా, పేటెంటు వల్లే కదా పీఎన్‌జీ పుట్టింది" అంటారు. వరదొచ్చి ఈత నేర్చుకున్నామని వరదకి దండ వేస్తామా అండీ? ఆ సమర్థులైనవాళ్ళు అన్ని నెలలూ ఉన్నదాన్ని మళ్ళీ కట్టే బదులు లేనిదేదో కట్టి ఉండేవారు. పైగా పీఎన్‌జీలో కదిలే బొమ్మలు పెట్టలేదు కాబట్టి జిఫ్ చావనూ లేదు. పొద్దున్న మీ ఫోనుకొచ్చిన డాన్సు చేసే పిల్లి సాక్షి.

ఇప్పుడు సంస్థల పాత్ర. యూరప్‌లో 1973 నాటి పేటెంట్ ఒప్పందంలో 52వ అధికరణం ప్రోగ్రాములు ఆవిష్కరణలు కావని స్పష్టంగా చెప్పి, చివర్న "యాజ్ సచ్" అని రెండు మాటలు తగిలించింది. ప్రోగ్రాములకి, అదీ ఉత్త ప్రోగ్రాములకి మాత్రమే, పేటెంటు లేదని దానర్థం. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె)లో ఉన్న "పర్ సే" కూడా అలాంటిదే. ఆ సందులోంచి ఏనుగులు దూరాయి. యూరప్‌లో వేలల్లో పేటెంట్లు ఇచ్చేశారు. ఇచ్చినవాటిని చట్టబద్ధం చేసేలా 2002లో యూరోపియన్ కమిషన్ ఒక ఆదేశం, అంటే సభ్యదేశాలన్నిటికీ వర్తించే చట్టం లాంటిది, ప్రతిపాదించింది.

దాన్ని ఎదిరించినవాళ్ళలో ముందున్నది ఎఫ్ఎఫ్ఐఐ, 1999లో మ్యూనిక్‌లో పుట్టిన సంస్థ. వాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒక మామూలు ఆన్‌లైన్ షాపు బొమ్మ. బొమ్మలో ప్రతి భాగం పక్కనా అప్పటికే యూరప్‌లో ఇచ్చిన పేటెంటు నంబరు. సరుకుల బుట్ట ఒకటి, ఎంత పని అయిందో చూపే పట్టీ ఒకటి, ఇలా. పెద్ద వాదనలేమీ లేవు, నంబర్లు వేసి చూపించారు. 

2004 డిసెంబరు 21న ఆ ఆదేశాన్ని మంత్రుల మండలి చర్చ లేకుండా ఆమోదించాల్సి ఉంది. ఏ సమావేశంలో అనుకుంటున్నారు? వ్యవసాయ, మత్స్య శాఖల మంత్రుల సమావేశంలో! చేపల మధ్య సాఫ్ట్‌వేర్. పోలండ్ మంత్రి ఒకరు స్వయంగా వెళ్ళి ఆ అంశాన్ని ఎజెండాలోంచి తీయించారు. పేరు వ్లోజిమియెష్ మార్చిన్‌స్కి. నా ఉచ్చారణకి పోలండ్‌వాళ్ళు క్షమించాలి. ఆ వాయిదా వల్ల దొరికిన నెలలే ఉద్యమాన్ని నిలబెట్టాయి. 2005 జులై 6న యూరోపియన్ పార్లమెంటు 648 ఓట్లతో దాన్ని తిప్పికొట్టింది. వద్దనకూడదన్నవారు 14 మంది, తటస్థులు 18 మంది.

ఈ 648 అంకె చెప్పగానే చప్పట్లు కొడతారు, మీరూ కొట్టారు. కానీ నిజం చెప్పాలి. ఆ ఓట్లన్నీ మనవి కావు. పేటెంట్లు కావాలన్నవాళ్ళు కూడా, సవరణలతో ఆదేశం వస్తే తమకి నష్టమని, అసలేదీ రాకపోతే మేలని అటే వేశారు. పాత సందు అలాగే ఉంది.

మన దగ్గరా అంతే. 2004 చివర్న ఆర్డినెన్సుతో 3(కె)ని వదులు చేయబోయారు, 2005లో పార్లమెంటు ఆ మార్పుని పక్కన పెట్టింది. 2015 ఆగస్టులో అలాంటి సడలింపే పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల రూపంలో వచ్చింది. స్వచ్ఛంద సంస్థలు, చిన్న కంపెనీల సంఘాలు అభ్యంతరాలు రాస్తే డిసెంబరులో ఆపేశారు. 2016 ఫిబ్రవరిలో కొత్త హార్డ్‌వేర్ ఉండాలన్న షరతుతో మళ్ళీ ఇచ్చారు. 2017లో ఆ షరతు పోయింది. తలుపు మూసి వెనక్కి తిరిగేలోపు కిటికీ తెరుస్తారు. అందుకే ఒక్క సభ, ఒక్క పిటిషన్ చాలవని నేను మొత్తుకునేది.

అమెరికా స్లైడ్లు ఆరున్నాయి, అవి వదిలేస్తున్నాను. 2014లో ఆలిస్ కేసులో, పాత ఆలోచనని కంప్యూటర్ మీద చేశామన్నంత మాత్రాన పేటెంటు రాదని అక్కడి సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారని మాత్రం గుర్తుంచుకోండి. ఇంకొకటి, పాడ్‌కాస్ట్ కేసు. పర్సనల్ ఆడియో అనే కంపెనీ తన పేటెంటు పట్టుకుని పాడ్‌కాస్ట్ చేసేవాళ్ళ మీద పడింది. ఈఎఫ్ఎఫ్ అనే స్వచ్ఛంద సంస్థ జనం దగ్గర చందాలు తీసుకుని 2013లో దాన్ని పేటెంట్ ఆఫీసులోనే సవాలు చేసింది. 2015లో ఆ క్లెయిములు కొట్టేశారు. దేనితో కొట్టారు? పేటెంటు కన్నా ముందే సీఎన్ఎన్, సీబీసీ సంస్థలు రేడియో, టీవీ కార్యక్రమాలని ఇంటర్నెట్‌లో వరసగా పెట్టేవని చూపించే పాత కాగితాలతో. వాటి మీద తేదీలున్నాయి. అంతే.

అధ్యక్షులవారు గంట చూపిస్తున్నారు. రెండు నిమిషాలండీ.

మా నలభై లైన్లు తీసేసిన ఐదేళ్ళకి ఇల్లు మారుతుంటే అటక మీంచి ఒక పాత మాన్యువల్ పడింది. వేరే ప్రోగ్రాముది, స్పైరల్ బైండింగు, ఎలక కొరికిన అట్ట. డెబ్భై ఒకటో పేజీలో ఉంది మొత్తం. అక్షరం కొడుతుంటే జాబితా తగ్గడం, ఎక్కువ వాడినది పైకి రావడం, బొమ్మతో సహా. మొదటి పేజీలో అచ్చయిన సంవత్సరం చూశాను. ఆ పేటెంటు దరఖాస్తుకి నాలుగేళ్ళ ముందు. అది మా ఇంట్లోనే ఉంది, నా నెత్తి మీదే. అప్పటికి మా ప్రోగ్రాం వాడేవాళ్ళు లేరు. ఆవిడ మెయిల్ ఐడీకి రాస్తే తిరిగొచ్చేసింది.

కాబట్టి మీ దగ్గర పాత మాన్యువల్స్, ఫ్లాపీలు, మెయిలింగ్ లిస్టుల ప్రింట్లు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు ఏవున్నా పారేయకండి. తేదీ కనబడేలా స్కాన్ చేసి మాకివ్వండి. మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 25(1) కింద, దరఖాస్తు ప్రచురించాక మంజూరయ్యేలోపు ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. ఎవరైనా అంటే ఎవరైనా, కంపెనీ పెట్టి ఉండక్కర్లేదు. వెనక బల్ల మీద పద్నాలుగు దరఖాస్తులున్నాయి. ఒక్కోదానికి ఇద్దరు చదివేవాళ్ళు కావాలి. పదమూడింటికి పేర్లు పడ్డాయి. పద్నాలుగోదాన్ని పొద్దుట్నుంచీ అందరూ తిరగేసి అక్కడే పెట్టేస్తున్నారు. దాంట్లో మొదటి క్లెయిము రెండు పేజీలు. ఒకరుగా నేనున్నాను, ఇంకొకరెవరైనా కళ్ళజోడు తెచ్చుకుని రండి.